పన్ను రిటర్నుల ఫ్రాంచైజీ: బోర్డు కొనాలా, విద్య నేర్వాలా?

(ముస్లిం పట్టభద్రుల ఉపాధి సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నేడు నాకు అప్పగించిన అంశం పైకి చిన్నదిగానే కనిపిస్తుంది. ఆదాయపు పన్ను, జీఎస్టీ రిటర్నులు దాఖలు చేసిపెట్టే ఒక సంస్థ ఫ్రాంచైజీని డబ్బు కట్టి తీసుకోవడం మంచి పెట్టుబడేనా అన్నది ప్రశ్న. ఈ ప్రశ్న వెనుక ఉన్న డబ్బు ఎలాంటిదో మనందరికీ తెలుసు. అది తండ్రి పదవీ విరమణ సొమ్ము కావచ్చు, గల్ఫ్‌లో అన్న ఎండలో నిలబడి పంపిన సొమ్ము కావచ్చు, తల్లి మెడలోని గొలుసు తీసి ఇచ్చిన సొమ్ము కావచ్చు. ముస్లిం శ్రామికులలో స్వయం ఉపాధిపై ఆధారపడినవారి వాటా ఎక్కువని, బ్యాంకు రుణాలలో వారికి దక్కేది మాత్రం జనాభాలో వారి వాటాకన్నా తక్కువని 2006 నాటి సచార్ కమిటీ నివేదిక నమోదు చేసింది. బ్యాంకు తలుపు సులభంగా తెరుచుకోని ఇంట్లో ఒకసారి పోయిన పెట్టుబడి మళ్లీ చేతికి రావడానికి ఒక తరం పడుతుంది. కనుక ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేము.

ముందుగా, ఫ్రాంచైజీ పేరుతో మనకు అమ్మేది ఏమిటో చూద్దాం. ఒక పేరు, ఒక బోర్డు, ఒక సాఫ్ట్‌వేర్, కొద్ది రోజుల శిక్షణ, సందేహం వస్తే ఫోను చేయడానికి ఒక నెంబరు, ఫలానా ప్రాంతం మీదేనన్న హామీ. వీటికి బదులుగా ప్రవేశ రుసుము, ఆపై వచ్చిన ప్రతి రూపాయిలో కొంత వాటా చెల్లించాలి. ఇందులో తప్పేమీ లేదు. హోటళ్లు, మందుల దుకాణాలు, పాఠశాలలు కూడా ఈ పద్ధతిలో నడుస్తున్నాయి. అయితే కొనేవాడు మొదట అడగవలసిన మాట ఒకటి ఉంది. ఈ పని చేయడానికి చట్టం నన్ను ఈ బోర్డు తెచ్చుకొమ్మంటున్నదా?

అనడం లేదు. కేంద్ర జీఎస్టీ చట్టంలోని 48వ సెక్షను, దాని కింద ఉన్న 83వ నియమం జీఎస్టీ ప్రాక్టీషనరు అనే హోదాను కల్పించాయి. వాణిజ్యం, న్యాయం, బ్యాంకింగ్, వ్యాపార నిర్వహణ శాస్త్రాలలో డిగ్రీ ఉన్న భారత పౌరుడు జీఎస్టీ పోర్టల్‌లో పీసీటీ-01 ఫారం నింపి దరఖాస్తు చేసుకోవచ్చు. దానికి రుసుము లేదు. అధికారి పరిశీలించి పీసీటీ-02 ధృవపత్రం ఇస్తాడు. ఒక రాష్ట్రంలో నమోదైతే ఇతర రాష్ట్రాలలోనూ ఆ నమోదు చెల్లుతుంది. అటుపై వ్యాపారి పోర్టల్‌లో తన సమ్మతి తెలిపితే అతని పక్షాన రిటర్ను దాఖలు చేయవచ్చు. ఆదాయపు పన్ను రిటర్ను నింపడంలో సాయపడేందుకు ఏ ప్రైవేటు సంస్థ అనుమతీ అక్కరలేదు. ఆ శాఖ పోర్టల్‌లో దాఖలు చేయడం కూడా ఉచితమే. ఈ సభలో కూర్చున్న బీకాం పట్టభద్రులకు చట్టం ఇచ్చిన హక్కు ఇది. ఫ్రాంచైజీ వారి నిలువెత్తు ధృవపత్రం గోడకు అందాన్ని ఇస్తుందేమో గాని, చట్టం దృష్టిలో పీసీటీ-02కు బదులు కాజాలదు. కనుక కొనబోయేది అనుమతిని కాదు, పేరును మాత్రమే అన్న సంగతి ముందు స్పష్టం కావాలి.

మరి పేరుకు విలువ లేదా? ఉంది. ఎక్కడ ఎంత ఉంటుందో తెలుసుకోవాలంటే ఈ వ్యాపారం పుట్టి పెరిగిన అమెరికా వైపు ఒకసారి చూడాలి. కాన్సాస్ సిటీలో హెన్రీ బ్లాక్, రిచర్డ్ బ్లాక్ అనే సోదరులు 1955లో హెచ్ అండ్ ఆర్ బ్లాక్ సంస్థను స్థాపించారు. అంతవరకు ఆ నగరంలో ప్రభుత్వ పన్ను కార్యాలయమే ప్రజలకు రిటర్నులు ఉచితంగా నింపి ఇచ్చేది. ఆ ఏడు ఆ సేవ నిలిచిపోయింది. ఆ ఖాళీలో ఈ సోదరుల వ్యాపారం నిలబడి, తరువాత ఫ్రాంచైజీల ద్వారా దేశమంతటా విస్తరించింది. 1982లో జాన్ హ్యూయిట్ వర్జీనియాలో ఒక చిన్న పన్ను సేవల సంస్థను కొన్నాడు. అదే జాక్సన్ హ్యూయిట్ అయింది. ఆయనే 1997లో లిబర్టీ టాక్స్‌కు పునాది వేశాడు. ఈ పేర్ల కింద దుకాణాలు తెరిచి బాగుపడినవారు ఉన్నారు. ఆ సంగతి దాచనక్కరలేదు.

అయితే లాభం ఎక్కడి నుంచి వచ్చిందన్నది గమనించాలి. అక్కడ పన్ను రిటర్ను వేసే పేద కార్మిక కుటుంబాలకు ప్రభుత్వం నుంచి తిరిగి రావలసిన సొమ్ము పెద్దదిగా ఉంటుంది. అది వచ్చేలోగా ఆ సొమ్మును చూపి బ్యాంకు చేత అప్పు ఇప్పించడం ఈ దుకాణాలకు ప్రధాన ఆకర్షణ అయింది. కొద్ది రోజుల అప్పుకు వడ్డీ, రుసుములు కలిసి భారీగా ఉండేవి. రిటర్ను నింపినందుకు వచ్చే ఆదాయంకన్నా ఈ అప్పు కోసం వచ్చే జనమే దుకాణానికి ప్రాణమైన చోట్లు ఉన్నాయి. 2009 చివర జాక్సన్ హ్యూయిట్‌కు ఈ అప్పులు సమకూర్చే ముఖ్యమైన బ్యాంకును నియంత్రణాధికారులు ఆ పని నుంచి ఆపివేశారు. 2010 ఆగస్టులో పన్ను శాఖ మరొక ప్రకటన చేసింది. పన్ను చెల్లింపుదారుని రీఫండు నుంచి పాత బకాయిల కింద ఏమైనా మినహాయిస్తారా అన్న సమాచారాన్ని ఇకపై ముందుగా అందించబోమన్నది. అప్పిచ్చే బ్యాంకులకు ఆ సమాచారమే ఆధారం. 2011 మే నెలలో జాక్సన్ హ్యూయిట్ దివాలా రక్షణ కోరుతూ న్యాయస్థానాన్ని ఆశ్రయించింది. చివరకు యాజమాన్యం అప్పులిచ్చినవారి చేతికి పోయింది. సంస్థ నేటికీ నడుస్తున్నది. అయినా ఆ రెండు మూడు సంవత్సరాలలో, అప్పుల ఆకర్షణను నమ్ముకుని సొంత డబ్బుతో దుకాణం తెరిచిన ఫ్రాంచైజీదారుని స్థితిని ఊహించుకోండి. అతని తప్పేమీ లేకుండానే, ఎక్కడో తీసుకున్న రెండు నిర్ణయాల వలన కాళ్ల కింద నేల కదిలింది.

ఇంకొక ఉదాహరణ. దేశంలో నాలుగవ పెద్ద సంస్థగా చెప్పుకున్న ఇన్‌స్టంట్ టాక్స్ సర్వీస్‌ను 2013లో ఒహాయో రాష్ట్రంలోని ఫెడరల్ న్యాయస్థానం మోసపూరిత పద్ధతుల కారణంగా మూసివేయించింది. మాతృసంస్థ మూతపడితే ఫ్రాంచైజీదారుని గోడమీది పేరు ఏమవుతుంది? డబ్బు పెట్టి కొన్న పేరే ఆ రోజు నుంచి బరువవుతుంది. ఇతరుల పేరు కింద వ్యాపారం చేసేవాడు ఆ పేరుకు వచ్చే కీర్తిలో కొంత పంచుకుంటాడు, వచ్చే మచ్చను మాత్రం పూర్తిగా మోస్తాడు.

ఇక మన ఊళ్లకు వద్దాం. ఇక్కడ లెక్క కాగితం మీద వేసి చూడాలి. నేను చెప్పబోయే అంకెలు ఏ సంస్థవీ కావు, లెక్క కట్టే తీరు చూపడానికి ఊహించినవి. మీ ఊరి అంకెలను వాటి స్థానంలో వేసుకోండి.

మూడేళ్ల ఒప్పందానికి ప్రవేశ రుసుము 1,50,000 రూపాయలనుకుందాం. అంటే ఏడాదికి 50,000. వసూళ్లలో 20 శాతం మాతృసంస్థ వాటా. గది అద్దె నెలకు 6,000, సహాయకుని జీతం 9,000, కరెంటు, ఇంటర్నెట్, కాగితాలకు 2,500. ఈ మూడూ కలిపి ఏడాదికి 2,10,000. ఇక రాబడి. ఏడాదికి 200 మంది ఆదాయపు పన్ను రిటర్నులు, ఒక్కొక్కటి 500 చొప్పున 1,00,000. నెలకు 500 చొప్పున 40 దుకాణాల జీఎస్టీ పని, ఏడాదికి 2,40,000. మొత్తం 3,40,000. ఇందులో మాతృసంస్థ వాటా 68,000 పోగా 2,72,000 మిగులుతుంది. ఖర్చులు, ప్రవేశ రుసుములో ఆ ఏటి భాగం కలిపి 2,60,000 తీసివేస్తే చేతిలో నిలిచేది 12,000. ఏడాదంతా కూర్చున్నందుకు నెలకు వెయ్యి రూపాయలు.

ఇదే పని ఏ బోర్డూ లేకుండా మీ సొంత పేరుతో చేస్తే 3,40,000లో 2,10,000 పోగా 1,30,000 మిగులుతుంది. తేడా 1,18,000. ఆ తేడా పూడాలంటే బోర్డు మరో 25 దుకాణాలను అదనంగా తీసుకురావాలి. అంటే 40 స్థానంలో 65 వస్తే గాని, బోర్డు ఉన్నవాడు లేనివానితో సమానం కాడు. కనుక ఫ్రాంచైజీ అమ్మడానికి వచ్చిన ప్రతినిధిని అడగవలసిన ప్రశ్న ఒక్కటే. మీ పేరు చూసి మా వీధిలోకి వచ్చే ఆ 25 మంది ఎవరు? సబ్బుకూ, షాంపూకూ పేరు చూసి వస్తారు. తన లెక్కల పుస్తకం, పాన్ నెంబరు, బ్యాంకు ఖాతా చూపించడానికి చెప్పుల దుకాణం యజమాని పేరు చూసి రాడు. తనకు తెలిసినవారు ఎవరిని నమ్ముతున్నారో అడిగి వస్తాడు.

మరొక చిక్కు కాలానికి సంబంధించినది. అమెరికాలో ఈ పని జనవరి చివర మొదలై ఏప్రిల్ 15తో చాలావరకు ముగుస్తుంది. మన దేశంలో జీతగాళ్లకు ఫారం 16 జూన్ మధ్యలో చేతికి వస్తే, రిటర్ను గడువు జూలై 31. ఆ ఆరు వారాల రద్దీ చూసి పన్నెండు నెలల అద్దెకు ఒప్పుకుంటే నష్టం తప్పదు. నెలనెలా ఆదాయం ఇచ్చేది జీఎస్టీ పని. దానిలోనూ 5 కోట్ల లోపు టర్నోవరు ఉన్నవారికి మూడు నెలలకు ఒకసారి రిటర్ను వేసే వెసులుబాటు 2021 జనవరి నుంచి ఉన్నది. అమ్మకాలు లేని నెల రిటర్నును 2020 నుంచి ఎస్ఎంఎస్ ద్వారా కూడా పంపవచ్చు. ప్రభుత్వం పని సులభం చేసిన కొద్దీ కేవలం ఫారం నింపేవాని అవసరం తగ్గుతుంది.

చట్టం మారినప్పుడూ అంతే. అమెరికాలో 2017లో తెచ్చిన చట్టం ఒంటరి వ్యక్తికి ప్రామాణిక మినహాయింపును 6,350 డాలర్ల నుంచి 12,000కు పెంచింది. ఖర్చులన్నీ విడివిడిగా చూపవలసిన అవసరం ఎందరికో తప్పింది. మన దేశంలో 2025-26 ఆర్థిక సంవత్సరం నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు సాధారణ ఆదాయం ఉన్నవారికి రిబేటు వలన పన్ను లేదు. ఆదాయం 4 లక్షలు దాటితే రిటర్ను వేయవలసిందే. అయినా పాత మినహాయింపులలో అధిక భాగం కొత్త విధానంలో లేకపోవడంతో రిటర్ను సులభమైంది. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం అమలు తేదీ. ఇటువంటి మార్పులలో మూడేళ్ల ఒప్పందం మిమ్మల్ని కట్టివేస్తుంది, ప్రభుత్వాన్ని కట్టివేయదు.

ఒప్పందం మాట వచ్చింది కనుక ఒక తేడా చెప్పాలి. అమెరికాలో ఫ్రాంచైజీ అమ్మేవాడు సంతకానికి, సొమ్ము తీసుకోవడానికి కనీసం 14 రోజుల ముందు 23 అంశాలతో కూడిన వివరాల పత్రం కొనేవానికి ఇవ్వాలని ఫెడరల్ నియమం ఉన్నది. మొత్తం పెట్టుబడి ఎంత, సంస్థపై వ్యాజ్యాలేమిటి, ఎన్ని శాఖలు తెరిచారు, ఎన్ని మూతపడ్డాయి అన్నవి అందులో ఉంటాయి. మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే దిక్కు. కనుక చట్టం అడిగించని ప్రశ్నలను మనమే అడగాలి. ఈ జిల్లాలో గత మూడేళ్లలో ఎన్ని శాఖలు ఇచ్చారు, నేడు ఎన్ని నడుస్తున్నాయి? మూసివేసినవారిలో ఇద్దరితో మాట్లాడించగలరా? నా ప్రాంతంలో మరొకరికి ఇవ్వబోమన్న మాట కాగితం మీద ఉన్నదా? మధ్యలో మానుకుంటే ఏమి తిరిగి ఇస్తారు? ఒప్పందం ముగిశాక నా ఖాతాదారులు నావారా, మీవారా? నోటిమాటగా నెలకు ఇంత వస్తుందని చెప్పే అంకెను మీ లెటర్‌హెడ్ మీద రాసి సంతకం చేయగలరా? ఈ చివరి ప్రశ్నతోనే చాలామంది ప్రతినిధుల గొంతు మారుతుంది. జవాబులు చేతికి వచ్చాక కూడా ఒక న్యాయవాదికి చూపించి పదిహేను రోజులు ఆగండి. నేడే కట్టకపోతే అవకాశం పోతుందనేవాని దగ్గర అవకాశం పోనివ్వడమే మేలు.

ఇప్పుడు అన్నింటికన్నా బరువైన విషయం. ఈ వ్యాపారంలో మనం కూర్చునేది ఇతరుల అమానతుపై. ఆధార్, పాన్, పాస్‌వర్డు, ఓటీపీ మన చేతిలో పెట్టి వెళతారు. ప్రాక్టీషనరు వేసినా సరే, రిటర్నులోని వివరాల బాధ్యత వ్యాపారిదేనని 48వ సెక్షను చెబుతున్నది. అంటే మన తొందరపాటుకు నోటీసు వచ్చేది అతని ఇంటికి. గడువు దాటితే రోజుకు 50 రూపాయల చొప్పున, అమ్మకాలు లేకపోయినా 20 చొప్పున ఆలస్య రుసుము పడేది అతనికి. వాటా పద్ధతి వసూళ్ల మీద ఉన్నప్పుడు ఎక్కువ రిటర్నులు, ఎక్కువ రీఫండ్లు చూపాలన్న ఒత్తిడి వస్తుంది. అక్కడే కాలు జారుతుంది. తప్పుడు మినహాయింపులు చూపి రీఫండ్లు ఇప్పిస్తున్న మధ్యవర్తుల మీద ఆదాయపు పన్ను శాఖ 2025 జూలైలో దేశవ్యాప్తంగా 150 చోట్ల తనిఖీలు జరిపింది. ఒక పేదవాని పాన్ మీద అతనికి తెలియకుండా జీఎస్టీ నమోదు చేసి దొంగ బిల్లులు నడిపితే, జైలు మెట్లు ఎక్కే పరిస్థితి ఎవరికి వస్తుందో చెప్పనక్కరలేదు. ఖాతాదారుని పాస్‌వర్డు దాచుకోవద్దు, అతని ఫోను నెంబరు, ఈమెయిలు స్థానంలో మీవి పెట్టవద్దు, రీఫండులో శాతం అడగవద్దు, దాఖలు చేసిన ప్రతి కాగితం నకలు అతని చేతికి ఇవ్వండి. ఈ నాలుగూ పాటించినవానికి వీధిలో బోర్డు లేకపోయినా పేరు ఉంటుంది.

అయితే ఫ్రాంచైజీ ఎవరికీ పనికిరాదా? అలా అనడం న్యాయం కాదు. బ్యాంకింగ్, బీమా, పాన్ వంటి సేవల కేంద్రం ఇప్పటికే నడుపుతూ, గది అద్దె, సహాయకుని జీతం ఆ పని మీదే వెళ్లిపోతున్నవానికి అదనపు సేవగా ఇది లాభించవచ్చు. ప్రవేశ రుసుము తక్కువగా ఉండి, శిక్షణ నిజంగా లోతుగా ఉండి, సందేహం అడిగితే చార్టర్డ్ అకౌంటెంటే జవాబిచ్చే ఏర్పాటు ఉంటే, దానిని ఒక ఏడాది కళాశాల ఫీజుగా భావించి కట్టవచ్చు. నా మాట ఒక్కటే. విద్యకు కట్టండి, బోర్డుకు కట్టవద్దు. అప్పు చేసి మాత్రం అసలే కట్టవద్దు. నెలకు వెయ్యి రూపాయలు మిగిలే వ్యాపారం వడ్డీని మోయలేదు.

దానికి బదులుగా ఏమి చేయాలి? డిగ్రీ చేతిలో ఉన్నవారు ఈ నెలలోనే పీసీటీ-01 దాఖలు చేయండి. ఊరిలోని ఒక చార్టర్డ్ అకౌంటెంటు లేదా అనుభవమున్న ప్రాక్టీషనరు దగ్గర ఒక ఏడాది కూర్చోండి. జీతం తక్కువైనా ఒక రిటర్నుల కాలం మొత్తం, నాలుగు త్రైమాసికాలు చేతులతో చేసి చూడండి. ఆపై మనవారి వృత్తులనే మీ ప్రత్యేకతగా చేసుకోండి. తాజా పండ్లు అమ్మేవానికి పన్ను లేదని, జ్యూసు దుకాణం పెట్టగానే లెక్క మారుతుందని చెప్పగలగాలి. నమోదు పొందిన పాత ఇనుము వ్యాపారి, నమోదు లేనివారి దగ్గర కొన్న లోహపు తుక్కుపై 2024 అక్టోబరు 10 నుంచి తానే పన్ను కట్టవలసి ఉన్నదని ముందుగా హెచ్చరించాలి. సరుకులు అమ్మేవానికి నమోదు పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలని, సరిహద్దు దాటి దుకాణం మార్చేవానికి తెలియాలి. కోటిన్నర లోపు అమ్మకాలున్న చిన్న వర్తకునికి ఒక శాతం కాంపోజిషన్ పద్ధతి ఎప్పుడు మేలో, ఎప్పుడు కాదో లెక్క వేసి చూపాలి. ఇవి చెప్పగలిగినవానిని వెతుక్కుంటూ వస్తారు. మెకానిక్, వెల్డర్, బిర్యానీ హోటలు యజమాని వంటి మనవారికి ఆడిటరు గది మెట్లెక్కాలంటే నేటికీ జంకు. వారి భాషలో, వారి వీధిలో, నమ్మకంగా చెప్పేవాడు కావాలి. ఇంటి నుంచి కదలడానికి వీలు లేని చెల్లెళ్లకు సైతం ఈ పనికి ఒక కంప్యూటరు, ఒక గది చాలు.

పెద్దలకు ఒక విన్నపం. ఒక్కో యువకుడు విడివిడిగా లక్షన్నర కట్టి బోర్డు తెచ్చుకునే బదులు, ఐదారుగురు పట్టభద్రులకు కలిపి ఒక గది, ఒక సాఫ్ట్‌వేరు, నెలకు రెండు పూటలు సందేహాలు తీర్చే ఒక చార్టర్డ్ అకౌంటెంటును సమకూర్చండి. వడ్డీ లేని చేబదులుగా మొదటి ఏడాది ఖర్చు పెట్టండి. రెండవ ఏట వారు తిరిగి ఇచ్చేస్తారు. ఆ గది నుంచి బజారులోని ప్రతి చిన్న దుకాణానికి సరైన కాగితాలు వస్తాయి. సరైన కాగితాలున్న దుకాణానికి బ్యాంకు రుణం అడిగే హక్కు నోటిమాటగా కాక రుజువుతో నిలుస్తుంది. రిటర్ను లేదన్న కారణంతో తిప్పి పంపడం ఇక కుదరదు. ఆ సొమ్ము బోర్డుకు పోతే ఒక ఇంటి ఆశ మాత్రమే పోతుంది. విద్యకు పెడితే ఒక బజారే నిలబడుతుంది.

 ఒప్పంద పత్రాలు ఇప్పటికే చేతిలో ఉన్నవారు సభ ముగిశాక వాటిని తీసుకురండి. సంతకం చేయకముందే కలిసి చదువుదాం.